కాలనీ, పెంట

మా నల్లగొండ దిక్కు పెంట అంటే ఇంటి వెనక పేడా చెత్తా పోసే కుప్ప. ఎండాకాలం దాన్ని బండ్లకెత్తి చేలకు తోలతారు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద డిండి దాటి, హాజీపూర్ దాటి, మన్ననూరు అటవీ చెక్‌పోస్టు లోపలికి పోయామంటే ఆ మాటకు అర్థం మారిపోతుంది. అక్కడ పెంట అంటే ఊరు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, ఈగలపెంట, దోమలపెంట. మొదటిసారి ఆ పేర్లు విని బస్సులో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తెలిసిన మాట తెలియని చోట ఎదురైతే తప్పు ఆ చోటుదే అనుకోవడం మైదానం మనుషులకు అలవాటు.

ఇంకో ఊరు ఈ అడవిని ఆనుకుని పారే కృష్ణకు దిగువన, అదే ఎడమ ఒడ్డున ఉంది. నాగార్జునసాగర్ డ్యాం పక్కన హిల్ కాలనీ, దాని కింద పైలాన్ కాలనీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాంకు పునాదిరాయి వేశాక, ఇంజనీర్లకూ గుమస్తాలకూ పనివాళ్లకూ వరసలుగా వేసిన క్వార్టర్లే ఇక్కడ ఊరయ్యాయి. 2018లో నందికొండ మున్సిపాలిటీ వచ్చింది. అయినా ఇప్పటికీ జనం నోట అది కాలనీయే. అడవిలో ఊరికి పెంట అని అక్కడ పుట్టినవాళ్లు పేరు పెట్టుకున్నారు. కాలనీ అని పేరు పెట్టింది మాత్రం నక్షా గీసినవాళ్లు.

పోయిన చలికాలం ఒకే వారంలో ఈ రెండు చోట్లకూ వెళ్లాను. చూసొచ్చిన వింతలు చెప్పడానికి కాదు ఈ వ్యాసం. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకున్నట్టు రెండు ఊళ్లనూ చదవాలని నా కోరిక. వచ్చిన చుట్టానికి ఊరు తన కథ ఎవరి నోట చెప్పిస్తుంది, ఎవరి నోరు మూయిస్తుంది అన్నదే నేను పట్టుకున్న ప్రశ్న.

గేటు దగ్గర మొదలుపెడతాను. మన్ననూరు గేటు రాత్రి 9కి పడుతుంది, పొద్దున 6కి లేస్తుంది. ఆ మధ్య కాలం అడవి జంతువులది. ప్లాస్టిక్ వద్దు, హారన్ వద్దు, బండి ఆపవద్దు అనే బోర్డులు వరసగా కనిపిస్తాయి. అన్నిటి మీదా పులే. 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయిన నల్లమల అడవి ఇది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా మిగిలింది. అందులో ఎక్కువ భాగం పాత మహబూబ్‌నగర్ జిల్లాది, అంటే ఇప్పటి నాగర్‌కర్నూలుది, కొంత నల్లగొండది. సఫారీ జీపు ఎక్కినవాళ్లంతా అడిగేది ఒకటే, పులి కనబడుతుందా అని. ఆ జీపులో పక్కన కూర్చున్న, ఈ అడవిలోనే బతికే చెంచు తెగ యువకుడు ఎవరి కంటికీ ఆనడు. ఆ పూట నేనూ పులినే అడిగాను, సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి.

సాగర్‌లో గేట్లంటే వేరు. అక్కడ గేట్లంటే 26 క్రెస్ట్ గేట్లు, వాటిని ఎత్తిన రోజు జనం కార్లు కట్టుకుని వస్తారు. నాగార్జునకొండ దీవికి లాంచీ టికెట్టు, మ్యూజియానికి ఇంకో టికెట్టు. 2022 మే 14న తెరిచిన బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. అక్కడ నడిచే దారి, నీడ, కుర్చీ, కొలత ప్రకారం చెక్కిన బొమ్మలు అన్నీ ఉన్నాయి. అందం విషయంలో నాకు ఫిర్యాదేమీ లేదు. యాత్రికుడికి కావలసిన సౌకర్యం ఒక్కటే కొలత అయితే ఈ పోలిక ఇక్కడే ముగించవచ్చు, సాగర్ గెలిచింది.

మ్యూజియం లోపల నిలబడి ఆలోచించినప్పుడు సంగతి తిరగబడింది. నాగార్జునకొండ లోయలో శిథిలాలున్నాయని 1926లో బయటపడింది. తర్వాత పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు. డ్యాం ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో గడువు పెట్టుకుని తవ్వారు, ఎందుకంటే లోయ మునగబోతోంది. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీద మళ్లీ పేర్చారు, ఇంకొన్ని అనుపుకు చేరాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మొత్తం నీళ్ల అడుగున ఉంటే, దాని గుర్తులు ఒక దీవి మీద మిగిలాయి. పాతరాతియుగపు పనిముట్లతో మొదలై బుద్ధుడి నిలువెత్తు విగ్రహం దాకా గదులు నడుస్తాయి. ‘ఆదిమ’ అన్న మాటకు ఇక్కడ దొరికే చోటు అద్దాల పెట్టెలోని ఆ రాళ్లే. ఆదిమం అంటే జరిగిపోయినది, మొదటి గదిలోనే అయిపోయేది. అక్కడి నుంచి వంద కిలోమీటర్ల లోపే ఉన్న నల్లమలలో ప్రభుత్వం తన కాగితాల్లో ‘ఆదిమ గిరిజనులు’ అని రాసుకునే మనుషులు రేషన్ బియ్యం తెచ్చుకుంటున్నారు, ఆధార్ కోసం తిరుగుతున్నారు.

లాంగ్‌హర్స్ట్ తవ్వకాలకూ సుబ్రహ్మణ్యం తవ్వకాలకూ మధ్య చెంచుల గురించి ఒక పుస్తకం వచ్చింది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా వాడు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాదులో ఉన్నాడు. బ్రిటిష్ లెక్కలో శత్రుదేశస్థుడు, నిజాం ప్రభుత్వం మాత్రం అడవికి పోయి పరిశోధన చేసుకోనిచ్చింది. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో గడిపి రాసిన ‘ది చెంచూస్’ 1943లో లండన్‌లో అచ్చయింది. గుండ్రటి గోడల మీద శంకు ఆకారపు కప్పు వేసిన గుడిసెలు, గడ్డలు తవ్వే కర్ర, గారెల మైసమ్మ, నిమ్మల, చిగుర్ల, తోకల లాంటి ఇంటిపేర్లు, ఏ కుటుంబం ఏ అడవి హద్దులో తిరుగుతుందో, అన్నీ ఓపికగా రాశాడు. అదే 1943లో మన తెలుగు తెర మీదికి ‘చెంచులక్ష్మి’ వచ్చింది. 1958లో అక్కినేని, అంజలీదేవిలతో ఇంకోసారి వచ్చింది. అహోబిల నరసింహుడు చెంచుల ఆడపిల్లను పెళ్లాడిన కథ అది. నల్లమల మొహం చూడనివాళ్లకు కూడా చెంచులంటే ఎవరో చెప్పింది ఆ సినిమాలే, పుస్తకం కాదు.

హైమన్‌డార్ఫ్ పనికీ సుబ్రహ్మణ్యం పనికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ మునిగిపోయేలోపు రాసిపెట్టుకోవాలన్న తొందరలో ఉన్నవాళ్లే. సుబ్రహ్మణ్యానికి నీళ్లు, హైమన్‌డార్ఫ్‌కు మైదానం నుంచి ఎగబాకుతున్న షావుకారు, కంట్రాక్టరు, అటవీ గుమస్తా. లోయ విషయంలో ఆ భయం నిజమైంది. చెంచుల విషయంలో పూర్తిగా కాలేదు. వాళ్లు ఉన్నారు. అందువల్లే రెండు రచనల విలువ ఈరోజు వేరువేరుగా ఉంది. మ్యూజియం పలకను కాదనగల మనిషి ఆ గదిలో లేడు. హైమన్‌డార్ఫ్ పుస్తకాన్ని కాదనగల మనిషి జీపులో నా పక్కనే కూర్చున్నాడు. రచయిత కూడా ఆ సంగతి తెలిసినవాడే అనిపిస్తుంది. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి చూసి, 1982 నాటి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో చెంచుల కథను కొనసాగించాడు. అతని సలహా మీద నిజాం సర్కారు పీఠభూమి మీద చెంచు రిజర్వు ఏర్పాటు చేసింది. అప్పుడు చెంచు రిజర్వు, ఇప్పుడు టైగర్ రిజర్వు. ఒకే అడవికి రెండుసార్లు కంచె పడితే రెండుసార్లూ కాపాడడమే కారణంగా చెప్పారు, కాపాడబడేవారు మాత్రం మారారు. 2006 అటవీ హక్కుల చట్టం చేతిలో ఉన్నా, కోర్ ప్రాంతంలోని పెంటలను డబ్బిచ్చి బయటికి పంపే మాట నడుస్తూనే ఉంది. కుటుంబానికి 15 లక్షలు. అడవి లోపల తేనె, జిగురు, కుంకుళ్లు ఏరుకుని బతికే ఇంటికి ఆ అంకె ఎన్నేళ్లు వస్తుందో లెక్కవేసి చూడండి.

జీపులో జరిగిన ఒక మాట రాయాలి. ఫరహాబాద్ వ్యూ పాయింటు దగ్గర నిజాం కాలపు విడిది శిథిలాలు చూపిస్తున్నాడు ఆ అబ్బాయి. ఫరహాబాద్ అంటే ఆనందాల ఊరని నేను నా ఉర్దూ వెలగబెట్టాను. తర్వాత యథాలాపంగా, “మీ చెంచులు ఎప్పటి నుంచి ఉంటున్నరు తమ్ముడూ ఈడ?” అన్నాను. అతను నవ్వకుండానే, “మీరు ఎప్పటి నుంచి వస్తున్నరు సార్?” అన్నాడు. ఇంకేమీ అనలేదు. కొండ అంచుకు వేలాడే తేనెపట్టు కోసేటప్పుడు పైన తాడు పట్టుకునేవాడు బామ్మర్దే అయి ఉండాలని, అక్క ముత్తైదువతనం అతని చేతిలో ఉంటుంది కాబట్టి వదలడని, తర్వాత చెప్పింది అతనే. ఈ ముచ్చట అన్ని పత్రికల్లోనూ చదివాను. కానీ, “ఇప్పుడు మా బామ్మర్ది హైదరాబాద్ల సెక్యూరిటీ పని చేస్తడు, తాడు ఇంకొకడు పడ్తడు” అని పత్రికల్లో ఎవరూ రాయలేదు.

ఈ రెండు రకాల కథలూ ఒకే చోట ఉన్న ఊరిని విదేశాల్లో వెతికితే ఆలిస్ స్ప్రింగ్స్ గుర్తుకొస్తుంది. ఆస్ట్రేలియా నడిమధ్య ఎర్రమట్టి ఎడారిలో, 1872లో టెలిగ్రాఫ్ స్టేషనుతో మొదలైన ఊరు. అడిలైడ్ నుంచి డార్విన్ దాకా దాదాపు 3,200 కిలోమీటర్ల తీగ లాగినవాళ్లు అక్కడ వీరులు. తీగ పని నడిపించిన చార్లెస్ టాడ్ భార్య ఆలిస్ పేరు నీటి మడుగుకు పెట్టారు. ఆ నేలకు అరెర్న్‌టె జనం పెట్టుకున్న పేరు మ్పార్న్‌ట్వే అంతకు ముందెప్పటిదో. ఆ పాత స్టేషను ఇప్పుడు చూడదగ్గ స్థలం. 1932 నుంచి పదేళ్లు తల్లుల దగ్గర నుంచి వేరుచేసిన మిశ్రమ సంతతి ఆదివాసీ పిల్లలను ఉంచింది కూడా అక్కడే. ఆ వసతిగృహం పేరు ‘ది బంగళో’. మన బంగళా మాటే ఓడెక్కి పోయి అంత దుఃఖానికి పేరైంది. తీగ లాగినవాళ్ల గొప్పా, ఆదివాసుల గాయమూ ఒకే గోడల మధ్య ఉండడంతో రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడం అక్కడ కుదరడం లేదు. ఆ ఎడారిలోనే ఉలురు శిలను 1985లో అనంగు జనానికి తిరిగి అప్పగించారు. దాని మీదికి యాత్రికులు ఎక్కడాన్ని 2019 అక్టోబరు 26న ఆపేశారు. అంతకు నెలకు పైగా ముందే, సెప్టెంబరు 16న మన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వవద్దని తీర్మానం చేసింది.

యురేనియం దగ్గర మన రెండు ఊళ్లూ కలుస్తాయి. సాగర్‌కు కూతవేటు దూరంలో లంబాపూర్, పెద్దగట్టు. లంబాడీల తండాలున్న చోట్లు. అక్కడ తవ్వకాల కోసం 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం గట్టిగా వద్దన్నారు. పదహారేళ్లకు అదే భయం అమ్రాబాద్ ఎక్కింది. సాగర్ యాత్రికుడికి ఆ తండాలు కిటికీ లోంచి కూడా కనపడవు. లంబాడీల ఊసు అక్కడి నక్షాలో లేకపోవడం నాకు పెద్ద లోటనిపించింది. మన్ననూరులో చెంచు కనీసం జీపులో పక్కన కూర్చుంటాడు.

మన్ననూరును మరీ పొగడదలచుకోలేదు. అక్కడా చెరిపివేత నడుస్తోంది, మర్యాదగా. ఈ మధ్య ప్రభుత్వం దోమలపెంటను బ్రహ్మగిరి చేసింది, ఈగలపెంటను కృష్ణగిరి చేసింది. దోమలూ ఈగలూ పెంటలూ పోయాయి, మహర్షులు నడిచే కొండలు మిగిలాయి. బస్సులో నవ్విన నాలాంటివాళ్ల కోసమే ఈ మార్పు అని నా అనుమానం. నిజానికి ఈగలపెంటలో ఎప్పుడో జెన్‌కో కాలనీ వెలిసింది, శ్రీశైలం ఎడమగట్టు కరెంటు కోసం. పెంట కడుపులో కాలనీ. ఆ దగ్గరలో దోమలపెంట నుంచే మా నల్లగొండ ఫ్లోరైడు పల్లెలకు నీళ్లివ్వాలని నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న అది కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల వాళ్లు. తాగే నీళ్లు మావి, తవ్వే అడవి చెంచులది, మట్టి కింద పడ్డ ప్రాణాలు ఎక్కడివో. అప్పుడు వాళ్ల పేర్లు పత్రికల్లో వచ్చాయి. ఇప్పుడు ఎన్ని గుర్తున్నాయి?

పేరు అన్న సంగతి దగ్గర సాగర్‌కు మళ్లీ రావాలి. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది. నాగార్జునకొండ శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది ఒకటుంది. చుళధమ్మగిరి మీద ఆమె కట్టించిన చైత్యగృహానిది. 1,700 ఏళ్ల నాటిది. కట్టించిన ఆమె పేరుంది, ఆమె బంధువుల పేర్లున్నాయి. పని చూసుకున్న నవకమ్మికులు, అంటే కొత్త కట్టడాల బాధ్యత మోసిన భిక్షువులు, ముగ్గురి పేర్లున్నాయి. చివరికి రాయి పని చేసిన విధికుడు అనే అతని పేరు కూడా ఉంది. రాజుగారికీ రాయి కొట్టినవాడికీ ఒకే పలక మీద చోటు దొరికింది.

ఇప్పుడు డ్యాం వైపు తిరగండి. సిమెంటు కరువైన రోజుల్లో కాంక్రీటుకు బదులు రాతికట్టడం ఎంచుకున్నారు. దేశానికి అప్పుడు ఉన్న బలం చేతులే. 124 మీటర్ల పైచిలుకు ఎత్తు, నదికి అడ్డంగా దాదాపు మైలు పొడుగు. ఆ రాళ్లూ, ఆ సిమెంటూ కర్రల నిచ్చెనల మీదుగా తల మీద ఎక్కాయి. ఆ తలల్లో ఎన్నో పాలమూరువి, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లావి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టుకుని, తట్టా పారా గడ్డపారా పిల్లాజెల్లాతో ఎక్కడ కట్ట కడితే అక్కడికి పోయే జనం. ‘పాలమూరు లేబరు’ అన్నది దేశంలోని ప్రాజెక్టుల దగ్గరంతా ఒక కులంపేరులా చెలామణి అయింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు. ముక్త్యాల రాజా, కె.ఎల్. రావు, ఖోస్లా కమిటీ, వీళ్లను చదువుకున్నాం, చదువుకోవలసిందే. కానీ నేను తిరిగిన దారుల్లో ఆ రాతికి విధికుడు ఎవరో ఎక్కడా నా కంటపడలేదు. విధికుడికి దక్కిన ఒక్క పంక్తి వాళ్లకు దక్కలేదు.

తవ్వి తీసిన రాళ్లకు నంబరు వేసి దీవి మీద పేర్చాం. ఎత్తి పేర్చిన మనుషులకు ఆ వరస లేదు. పైగా పాలమూరు వాళ్లు కట్టిన డ్యాం నీళ్లు పాలమూరుకు పారలేదు. ఎగువన ఉన్నవాడి కష్టం దిగువకు పారింది. ఇది ఇంజనీరింగులో తప్పు కాదు, పల్లంలోకే కదా నీళ్లు. దాన్ని ఎక్కడా చెప్పకపోవడం మాత్రం మ్యూజియంలో తప్పే.

అందుకని నా తూకంలో మన్ననూరు పైన ఉంది. వసతులు అంతంత మాత్రం, బోర్డుల నిండా పులే, చెంచుల బతుకు మీద చెప్పుకోదగ్గ ప్రదర్శన నాకు దొరకలేదు. అయినా అక్కడ చెప్పే కథ తప్పయితే తప్పని అనగలిగే మనిషి, గుట్ట పేరు నీకు చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి చెప్పే మనిషి ఇంకా ఉన్నాడు. చైత్ర పున్నమికి సలేశ్వరం లోయలోకి దిగే వేలమందికి లింగమయ్య దగ్గర పూజ చేసేది చెంచులే. ఆ మూడు నాలుగు రోజులు అడవిలో ఆతిథ్యం ఇచ్చేది వాళ్లు, మనం అతిథులం. సాగర్‌లో ఎప్పుడు పోయినా మనమే యజమానులం. ఎదురు చెప్పేవాడు లేని ఊళ్లో యాత్ర హాయిగా ఉంటుంది, అందుకే దాని మీద నాకు అనుమానం.

ఈ మాటలు రాసుకున్నాక తిరుగు ప్రయాణంలో పైలాన్ కాలనీ దగ్గర చేపల ఫ్రై కొట్టు ముందు ఆగాను. మూకుట్లో నూనె కాగుతోంది. కొట్టు నడిపే అవ్వకు అరవై దాటి ఉంటాయి.

“ఏ ఊరవ్వా మీది?”

“ఈడనే పుట్టిన బిడ్డా. మా అమ్మోళ్లది పాలమూరు, అచ్చంపేట దిక్కు. కట్ట పనికి ఒచ్చిండ్రు, ఒచ్చి ఈడనే నిలవడ్డరు.”

నా తూకం కొంచెం కదిలింది. ఎదురు చెప్పేవాళ్లు సాగర్‌లో లేకపోవడం కాదు, లాంచీ టికెట్టు కొనే తొందరలో నేనే ఈ కొట్టు దాటిపోయాను. పెంటల దిక్కు నుంచి వచ్చి కాలనీలో మిగిలిన మనిషి ఆమె. మీ అమ్మ రాయి మోసింది ఏ వైపు అని అడిగాను. జల్లిగరిటె ఎత్తి డ్యాం ఈ కొస నుంచి ఆ కొస దాకా గాలిలో ఒక గీత గీసింది.

“ఏ రాయని చెప్పాలె బిడ్డా,” అంది. “నీకు బొచ్చెనా, కొర్రమీనా?”